తొమ్మిది గుమ్మాల బొంత

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. చేతిలో పనుంటే మానక్కర్లేదు. చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ వినొచ్చు, చిరుగు కుట్టుకుంటూ వినొచ్చు. కుట్టుకుంటూ వింటే మరీ మంచిది. నేను చెప్పబోయేది ఒక పసిబిడ్డ బొంత సంగతి.

పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట. మేము నర్సీపట్నంలో ఉండేవాళ్ళం. నాన్న బడిపంతులు. ఆయన బడిపంతులే అయినా నాకు మూడో తరగతితో చదువు ఆగింది. ఆ తరువాత నేను నేర్చుకున్నదంతా మా ఇంటి చావడిలోనే, మామ్మ పక్కనా అమ్మ పక్కనా కూర్చుని నేర్చుకున్నాను. మామ్మ అంటే నాన్నను కన్న తల్లి.

మామ్మకు కళ్ళు పొరలు కమ్మి చాలా ఏళ్ళయింది. ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో పోల్చుకోలేకపోయేది. కానీ సూదిలో దారం ఎక్కించి చేతికిస్తే చాలు, ధాన్యం గోనెల దగ్గర్నుంచి నాన్న గొడుగు దాకా అన్నీ కుట్టేసేది. కుట్టిన చోట మళ్ళీ వేలు పెట్టి రాసేది. ఎక్కడైనా ఒక్క కుట్టు బారుగా పడితే, "ఇక్కడ సచ్చింది," అని విప్పేసేది. మేము కళ్ళున్నవాళ్ళం వెతికినా ఆ బారు కుట్టు మాకు కనపడేది కాదు.

అమ్మ దారి వేరు. అమ్మకు చూసిందల్లా కుట్టుగానే కనిపించేది. బెండకాయ అడ్డంగా కోస్తే అందులో ఐదు రేకులు చూసి, తలగడ గలీబు మీద అవే రేకులు కుట్టింది. గోడ మీద చీమల బారు పోతుంటే వంట మాని నిలబడి చూసింది. మర్నాటికి నా పరికిణీ అంచున ఆ బారు నడిచింది, మధ్యలో ఒక చీమ తప్పిపోయి పక్కకు తిరిగినట్టు ఒక వంకర కుట్టుతో సహా. "అది తప్పు పడిందా అమ్మా?" అంటే, "తప్పు కాదే, అది నువ్వే. అందరూ ఒక దారిన పోతుంటే నువ్వొక దారి," అంది.

ఆ ఏడు అక్క పురిటికి వచ్చింది. అక్క అత్తవారిది కృష్ణదేవిపేట. బండి దిగేటప్పుడు తొమ్మిదో నెల. అది మూడో కాన్పు. మొదటి బిడ్డ పురిటి స్నానం దాకా కూడా ఉండలేదు. రెండోవాడు ఉన్నాడు, నవ్వడం నేర్చుకున్నాడు, అప్పుడు పోయాడు. అందుకని ఈసారి అక్క వట్టి చేతులతో వచ్చింది. పొత్తిగుడ్డ తేలేదు, బిడ్డ వేలికి ఉంగరం తేలేదు. కడుపులో ఉన్నదాన్ని గురించి ఒక్క మాట అనేది కాదు. మేమెవరైనా "బిడ్డ" అంటే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. ఈ బిడ్డైనా బతకాలి. మా ఇంట్లో అందరికీ లోపల ఉన్నది ఆ ఒక్కటే మాట, పైకి మాత్రం ఎవరూ అనేవారు కాదు.

వచ్చిన మూడో రోజు మామ్మ నన్ను పిలిచింది. అప్పటికి నాకు పదేళ్ళు.

"ఒలే, రేపు పొద్దున్న తల దువ్వుకోకు. నువ్వు ముష్టికెల్లాలి."

"నానెల్లాలా? నానెందుకు?"

"మీ అక్క బిడ్డకి బొంత కుట్టాలి. ఈ ఇంటి గుడ్డ దాని ఒంటికి తగలకూడదు. తొమ్మిది గుమ్మాల కాడ అడిగి తెచ్చిన గుడ్డ మీద పడుకోబెడితే, ఎవులో ముష్టోళ్ళ బిడ్డనుకుని ఆ పోగొట్టేది దీని జోలికి రాదు. నాను ఎల్తే గుమ్మమేటో గొయ్యేటో తెలీక పడిపోతాను. మీ అమ్మ ఎల్తే ఊరు సెవులు కొరుక్కుంటాది. నువ్వెల్తే ముద్దుగుంటాది."

దానికి పద్ధతి ఉంది. గుమ్మం ఇవతలే నిలబడాలి. పరికిణీ ఒడి పట్టి, "మా అక్క బిడ్డకి ఒక గుడ్డ పెట్టండమ్మా" అనాలి. పిల్లల్ని పెంచిన తల్లి చేతితో ఇవ్వాలి. అడక్కుండా ఇచ్చింది పనికిరాదు. తీసుకున్నాక వెనక్కి తిరిగి చూడకూడదు.

మొదటి ఇంటి దగ్గర నా గొంతు నాకే వినపడలేదు. మా వీధి చివర గానుగ ఆడే ఇల్లు అది. ఆ ఇల్లాలు దండెం మీద తన చీర ఆరేస్తోంది. నేను అన్న మాట సగంలోనే ఉండగా, ఆ తడి చీర కొంగు పళ్ళతో పట్టి జర్రున చించింది. ఎందుకని అడగలేదు. "దీన్లోనే నా నలుగురూ పెరిగినారు. ఎల్లమ్మా," అని ఒడిలో వేసింది. ఆ చిరిగిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. కట్టుకునే చీర, నా కోసం, నవ్వుతూ.

అలా ఒక్కో గుమ్మం. నేను ఆశ్చర్యపోయింది ఏమిటంటే, ఏ ఇల్లాలూ నన్ను మాట పూర్తి చెయ్యనివ్వలేదు. ఒడి పట్టిన పిల్లను చూడగానే వాళ్ళకు తెలిసిపోయేది. లోపలికి వెళ్ళి, కాలు తుడుచుకునే గుడ్డ కాదు, పెట్టె అడుగున దాచుకున్నది తెచ్చేవాళ్ళు.

అప్పుడు కొండవాళ్ళు సర్కారు మీద తిరగబడ్డారని ఊళ్ళో పోలీసులు దిగి ఉన్నారు. వాళ్ళలో ఒక జవాను భార్య చంటిపిల్లతో వచ్చి మా వెనక వీధిలో ఒక గదిలో ఉండేది. ఆమె పెట్టె అంతా వెతికింది. "నా సీరలన్నీ మా ఊర్లోనే ఉండిపోయినాయమ్మా," అని, భర్త పాత కాకీ చొక్కా చెయ్యి ఊడదీసి ఇచ్చింది. "గరుగ్గా ఉంటాది, బిడ్డ కాళ్ళకాడ ఎయ్యమని సెప్పు."

సంతరోజున ఎనిమిదోది దొరికింది. కొయ్యూరు అవతల కొండ మీంచి అడ్డాకులు తెచ్చి అమ్మే ఆవిడ మాకు తెలుసు. అమ్మ ఆమె దగ్గరే విస్తరాకులు తీసుకునేది. ఆమె నేల మీద చతికిలబడి, ఈనెపుల్లలతో ఆకుకు ఆకు గుచ్చి విస్తరి కుడుతోంది. నడుం వెనక గుడ్డలో పిల్ల నిద్రపోతోంది. నేను ఒడి పట్టుకుని ఆమె ఎదుట నిలబడి ఏమనాలో తెలియక ఊరుకున్నాను. సంతలో గుమ్మం ఎక్కడిది?

ఆమె నన్నూ నా ఒడినీ చూసింది. పక్కనున్న కావడిబద్ద తీసి నాకూ తనకూ మధ్య నేల మీద అడ్డంగా పెట్టింది. "ఇదే మా గుమ్మం. అటే నిలబడి అడుగు," అంది. అడిగాను. నడుం వెనక పిల్లను కట్టుకున్న గుడ్డ చివర జానెడు కోసి ఇచ్చింది. పిల్ల కదిలి మళ్ళీ పడుకుంది. మా మామ్మ పద్ధతి ఆ కొండ మనిషికి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక తొమ్మిదోది. మా వీధిలో పెద్ద మేడ. ఆ ఇంటి అమ్మాయి నాతో గవ్వలాడేది. నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి ఇంకో ఇద్దరితో అరుగు మీద కూర్చుని ఉంది. నా దువ్వని తల, నా ఒడి చూసింది.

"ఒలే, సూడండే. పంతులుగారి కూతురు ముష్టికొచ్చింది. సిప్ప ఏదే, ఇంటికాడ మర్సిపోయినావేటి?"

ముగ్గురూ పగలబడి నవ్వారు. లోపలినుంచి ఆ పిల్ల తల్లి, "ఎవులే అది?" అంటూ వస్తున్న గాజుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇంకొక్క నిమిషం నిలబడితే సరిపోయేది. ఎనిమిది గుమ్మాల దగ్గర నిలబడ్డ కాళ్ళు తొమ్మిదో గుమ్మం దగ్గర నిలవలేదు. ఒడి వదిలేసి పరుగెత్తాను.

ఇంటికొచ్చాక పాతబట్టల మూటలో చెయ్యి పెట్టాను. నాన్న పాత పంచె దొరికింది. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన పంచె. జానెడు కత్తిరించి మిగతా ఎనిమిదింటిలో కలిపి అమ్మకిచ్చాను. మామ్మ అడిగింది:

"పెద్దింటోళ్ళిచ్చీసినారా?"

"ఇచ్చీసినారు మామ్మా."

అమ్మ ఆ తొమ్మిదింటినీ కుంకుడు రసంలో ఉడికించి, ఉతికి ఎండేసింది. చావడిలో ఒక పాత చీర మడతలు పరిచి, నాలుగు మూలలా పీటలూ రుబ్బురాతి పొత్రమూ బరువు పెట్టారు. ఆ లోపలి చీర కూడా మాది కాదు, గానుగ ఇంటావిడే తరువాత ఇంకోటి అడిగించుకుని ఇచ్చింది. మామ్మ కూర్చుని ఒక్కో ముక్కా చేతిలోకి తీసుకుని బొటనవేలితో రాసి చూసేది. ఇది తలకింద, ఇది వీపుకింద, ఇది పక్కకి. గరుకైనవి రెండు, కాకీ ముక్కా కొండావిడ గుడ్డా, కాళ్ళ దగ్గరికి వెళ్ళాయి. పక్కపక్కన. నాన్న ఆ సాయంత్రం బడినుంచి వచ్చి ఆ రెండింటినీ చూసి, వంగి వాటి అంచులు దగ్గరగా సర్దారు.

నాన్న పంచె ముక్క మామ్మ చేతిలోకి వచ్చినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. ఆవిడ బొటనవేలు దాని మీద ఒకసారి నడిచి ఆగింది. మళ్ళీ నడిచింది. "మెత్తగున్నాది. తలకింద ఎయ్యాలి," అని తలవైపు కుడి మూలన పెట్టింది. నేను ఊపిరి వదిలాను.

నడిమి ముక్క మీద ఏం కుట్టాలా అని అమ్మ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు విస్తట్లో అన్నం పెడుతూ చెయ్యి ఆపేసింది. అన్నం పక్కకు నెట్టి ఆకు వంక చూసింది. నడుమ ఒక ఆకు, చుట్టూ ఆకులు, ఒకదాని అంచు మీద ఇంకొకటి, పుల్ల దిగిన చోట, పుల్ల తేలిన చోట. నాన్న ఆకలితో ఎదురుగా కూర్చుని ఉన్నారు. "కూర ఎయ్యవేటి, ఆకునే తినమంటావా?" అన్నారు. ఆ మధ్యాహ్నమే బొగ్గుముక్కతో విస్తరి ఆకారం గీసి కుట్టడం మొదలుపెట్టింది. కుట్టు పైకి తేలడం, లోపలికి దిగడం, అచ్చు ఆ సంతావిడ పుల్లల్లాగే. రోజూ మూడుపూటలా మా ముందున్నదే. అందులో అంత అందం ఉందని నేను ఎన్నడూ చూడలేదు.

మైనం రాసిన దారం నేను ఎక్కించి ఇస్తుంటే మామ్మా అమ్మా చెరోవైపునుంచి కుట్టుకుంటూ వచ్చారు. ఎనిమిది ముక్కలూ పూర్తయ్యాయి. తలవైపు కుడి మూల ముక్క మాత్రం మామ్మ నాలుగు మూలలా వదులుగా టాకాలు వేసి వదిలేసింది.

"అది కూడా కుట్టీయండి అత్తయ్యా, రోజులు దగ్గరకొచ్చీసినాయి," అంది అమ్మ.

"అదలాగుండనీ. దానికింకా గడువున్నాది," అంది మామ్మ. అని నావైపు, అంటే నేను ఉన్నాననుకున్న వైపు, తల తిప్పింది.

అక్క గుమ్మం పట్టుకుని లేచినా, నడుం పట్టుకుని కూర్చున్నా, నావల్లే అనిపించేది. బిడ్డకేమైనా అయితే అది నేను పరుగెత్తినందుకే. చెప్పేద్దామని మామ్మ దగ్గరికి వెళ్ళి, దారం ఎక్కించి ఇచ్చి వచ్చేసేదాన్ని. అలా ఎన్ని సూదులకు దారం ఎక్కించానో.

ఒకరోజు పొద్దున్న పాలు కాగుతుండగా అక్కకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చింది. నాన్నను వీధి అరుగు మీదికి పంపేశారు. నేను చావడిలో బొంత పక్కన నిలబడి ఉన్నాను. మామ్మ చేత్తో నేల తడుముకుంటూ వచ్చి బొంత పక్కన కూర్చుంది.

"ఒలే, ఇప్పుడైనా సెప్తావా, నన్నే సెప్పమంటావా?"

నాకు ఏడుపు వచ్చింది. "అది పెద్దింటోళ్ళది కాదు మామ్మా. నాన్న పంచె. ఆళ్ళు నవ్వీసినారని పారొచ్చీసినాను."

"నాకు ముట్టుకున్ననాడే తెలుసు," అంది మామ్మ. ఆ ముక్క మూల మడత తీసి నా వేలు పట్టుకుని దాని మీద పెట్టింది. సన్నగా, గోరంత మేర, గట్టిగా ఏదో తగిలింది. "అది పోయినేడు మీ అయ్య మేకుకి తగిలించుకున్న సిరుగు. నానే కుట్టినాను. నా కుట్టు నాకు తెలీదేటి? నువ్వు సెప్తావేమోనని సూసినాను. సెప్పకపోతే టాకాలతోటే ఉంచీవలిసొస్తాదేమోనని బయమేసింది కూడాను."

ఉడికించి, ఉతికి, ఎండేసి, మడత లోపల దాక్కున్న తన కుట్టును ఆవిడ చీకటి కళ్ళతో పోల్చుకుంది. నేను కత్తిరించిన రోజున పట్టపగలు, నా రెండు కళ్ళూ పెట్టుకుని, ఆ అతుకు చూడలేదు.

"మన ఇంటి గుడ్డ పనికిరాదన్నావు కదా మామ్మా. ఇప్పుడేటి సేస్తావు?"

"ఎవులు సెప్పినారు అది మన ఇంటిదని? మీ అయ్య ఈ ఇంటోడేటి?"

నేను ఏడుపు ఆపి చూశాను.

"ఆడికి ముందు నాకు ముగ్గురు పోయినారు. నాలుగోవాడు పుట్టగానే సేటలో ఎట్టి పక్కింటోళ్ళకి ఇచ్చీసినాను. మళ్ళీ ఆళ్ళ గుమ్మం కాడ ఒడి పట్టి అడిగి తెచ్చుకున్నాను. తెచ్చి ముక్కు కుట్టించినాను. మీ అయ్య ముక్కుకి సుక్క ఉన్నాదా నేదా?"

ఉంది. నాన్న కుడి ముక్కుపుట మీద ఆవగింజంత గుంట ఉండేది. ఏమిటని చిన్నప్పుడు అడిగితే, "దోమ కుట్టింది, బళ్ళో పాఠం వినకపోతే నిన్నూ కుడుతుంది," అనేవారు. బెత్తం పట్టుకుని నడిస్తే వీధి వీధంతా అల్లరి మానే ఆ మనిషి, ఒకనాడు చేటలో పడుకుని, పక్కింటి గుమ్మం దాటి, ముష్టి అయి తిరిగివచ్చిన బిడ్డ.

మామ్మ టాకా దారం ఒక్కటి పట్టి లాగింది. ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. "అడగని గుడ్డ అడగనిదే. బయిటికెల్లు. గుమ్మం లోపల నిలబడకు, ఈదిలో నిలబడి అడుగు. నన్ను కాదు, ఎవుల్దో ఆడ్ని అడుగు."

నేను వీధిలోకి వెళ్ళాను. అమ్మ నాన్నను లోపలికి పిలిచి గుమ్మం లోపల నిలబెట్టింది. ఇవ్వాల్సింది తల్లి కదా అని నాకు అనుమానం వచ్చింది. మామ్మ ఆ ముక్కను నాన్న చేతిలో పెట్టి, తన రెండు చేతులూ ఆయన చేతి కింద పట్టింది. అలా ఆవిడ ఇచ్చినట్టూ అయింది, ఆయన ఇచ్చినట్టూ అయింది.

మా ఇంటి గుమ్మాన్ని నేను వీధిలోంచి అలా ఎన్నడూ చూడలేదు. రోజూ దూకి దాటే గడప. ఆ వేళ అది ఎవరింటి గడపో అన్నట్టుంది. దారిన పోయేవాళ్ళు ఆగారు. పెద్దింటి అమ్మాయి కూడా ఉందేమో, నేను చూడలేదు. ఒడి పట్టాను.

"మా అక్క బిడ్డకి ఒక గుడ్డ పెట్టండయ్యా."

ఈసారి నా గొంతు నాకు బాగా వినిపించింది. నాన్న ముక్కును వేలితో ఒకసారి తడుముకున్నారు. వంగి గుడ్డను నా ఒడిలో పెట్టారు.

నేను లోపలికి వచ్చి గుడ్డ ఇవ్వగానే మామ్మ సూది అందుకుంది. లోపలి గదిలోంచి అక్క మూలుగు, మంత్రసాని మాటలు వినిపిస్తున్నాయి. ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య అక్క గొంతు పైకి వచ్చింది.

"ముష్టి తేడం అయ్యిందా మామ్మా? బేగి కుట్టీ. ఇది ఆగీలా నేదు."

'ఇది' అంది అక్క. వచ్చిన దగ్గర్నుంచి దాని గురించి అన్న మొదటి మాట. అమ్మ తలుపు దగ్గరికి పరుగెత్తింది. మామ్మ మాత్రం చెయ్యి ఆపలేదు. "ఆగమను దాన్ని. ముష్టోళ్ళ పిల్లకి అంత తొందరేటి," అని వేగంగా కుట్టుకుపోయింది. ఆవిడ వేళ్ళను నేను చూస్తూ ఉండిపోయాను. సూది దిగుతోంది, తేలుతోంది. ఒక్కటీ బారుగా పడలేదు.

నాలుగో వైపు చివరి కుట్టు వేసి మామ్మ దారం పంటితో కొరికింది. కొరికిన దారం ఇంకా నోట ఉండగానే లోపల బిడ్డ ఏడ్చింది.

ఆడపిల్ల. మంత్రసాని పిల్లను తెచ్చి బొంత మీద పడుకోబెట్టింది. తల కుడివైపు ఒరిగి నాన్న పంచె మీద, నడుం విస్తరి మీద, ఒక కాలు కాకీ మీద, ఒక కాలు కొండ గుడ్డ మీద. పిడికిలి విప్పి మూసి, ఏడుపు మానేసి, మా అందరి వంకా చూసినట్టే చూసింది. తొమ్మిది మంది తల్లుల ఒంటిమీదివీ ఇంటిలోవీ గుడ్డలు, వాటి మీద ఒక్క పిల్ల. నేను నేలమీద కూర్చుని చేతులు జోడించాను, ఎవరికో తెలియదు.

"దీనికి ముక్కు కుట్టడానికి వేరే సాకు అక్కర్నేదు, ఆడపిల్ల," అంది మామ్మ. అప్పుడు అందరం నవ్వాం. లోపలినుంచి అక్క కూడా.

ఆ పిల్ల బతికింది. నడిచింది, గవ్వలాడింది, నన్ను పిన్నీ అంటూ నా కొంగు పట్టుకు తిరిగింది, ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటోంది. ఇక బొంత సంగతి. దాని కబురు ఊరికి పాకింది. బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్ళనుంచి చిన్నచిన్న ఆడపిల్లలు తల దువ్వుకోకుండా వచ్చి మా గుమ్మం ఇవతల నిలబడేవాళ్ళు. మామ్మ కుట్లు విప్పి ఒక ముక్క ఇచ్చేది. అలా అది గుమ్మం గుమ్మానికీ వెళ్ళిపోయింది. ఒకసారి వచ్చింది పెద్దింటి అమ్మాయి చెల్లెలు. వాళ్ళ వదిన కోసం. పక్కన తోడు వచ్చిన పెద్దింటి అమ్మాయి, నా గవ్వల నేస్తం, నేలచూపులు చూస్తోంది. నడిమి విస్తరి ముక్క నేనే తెచ్చి ఆ చిన్నపిల్ల ఒడిలో పెట్టాను. సిప్ప ఏదని అడగలేదు.

నా పెట్టెలో మిగిలింది ఒక్కటే, గోరంత అతుకున్న పంచె ముక్క. కళ్ళు మూసుకుని వేలితో రాస్తే ఆ అతుకు నాకిప్పుడు తగులుతుంది. నేర్చుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మీ ఇంట ఉయ్యాల ఊగుతూ ఉండాలి. మీ దండెం మీద చిన్నచిన్న బట్టలు ఆరుతూ ఉండాలి. మీ పెట్టె అడుగున ఎప్పుడూ ఒక మెత్తని పాతగుడ్డ ఉండాలి. ఏ పిల్లైనా ఒడి పట్టుకుని మీ గుమ్మం ఇవతల నిలబడితే, ఆ పిల్ల మాట పూర్తి కాకముందే మీ చెయ్యి లోపలికి వెళ్ళాలి. అలా ఇచ్చిన మీ చెయ్యీ, మీ ఇల్లూ, మీ పిల్లలూ చల్లగా ఉండాలి తల్లీ.